మొదటి ఏడాది స్కోరు అడగకండి

మన స్కూల్ ఆర్చరీ కోచ్ అభిప్రాయం



శనివారం సాయంత్రం నాలుగున్నర అయ్యేసరికి ఆర్చరీ గ్రౌండ్ కంచె పక్కన స్కూటర్లు, కార్లు వచ్చి ఆగుతాయి. పిల్లలు విల్లుకు నారి దించి, బాణాలు లెక్కపెట్టి పెట్టెలో సర్ది, బ్యాగు తగిలించుకుని బయటికి పరిగెడతారు. కంచె అవతల వాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఇవాళ ఎన్ని కొట్టావు?"

ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, కాదనను. నాకూ ఇద్దరు పిల్లలు. వీక్లీ టెస్ట్ రోజు వాళ్లు బూట్లు విప్పకముందే మార్కులు అడిగేది నేనే. అయితే చెక్క విల్లు పట్టిన మొదటి ఏడాదిలో ఆ ప్రశ్న పిల్లల చేతిని ఎలా పాడుచేస్తుందో పోయిన సంవత్సరం కళ్లారా చూశాను. అందులో నా తప్పు కూడా ఉంది. ఆ సంగతి చెప్పి, మీ అందరినీ ఒక మాట అడగడానికే ఈ నెల ఈ పేజీ తీసుకున్నాను.

"చెయ్యి మాట వినడం లేదు సార్"

పోయిన జూన్‌లో ఏడో తరగతి బాబు ఒకడు చేరాడు. బక్కగా ఉంటాడు, చెప్పింది శ్రద్ధగా వింటాడు. రెండు నెలల్లో వాడి నిలబడే తీరు, లాగే తీరు చక్కగా కుదిరాయి. బాణాలు టార్గెట్ మీద అక్కడక్కడా పడుతున్నా, ప్రతి బాణాన్నీ ఒకేలా వదిలేవాడు. కోచ్‌కి అంతకంటే ఏం కావాలి?

సెప్టెంబరులో బ్రాంచిల మధ్య పోటీ వచ్చింది. నాన్నగారు రోజూ వచ్చి వెనక నిలబడి, ఒక్కో బాణం పాయింట్లు ఫోన్‌లో రాసుకునేవారు. చాలా మంచి మనిషి. పిల్లవాడి మీద ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. పోటీలో వాడికి నాలుగో స్థానం వచ్చింది. ఇంకొంచెం గట్టి విల్లు ఇస్తే మూడో స్థానం వచ్చేదేమోనని నాన్నగారు అడిగారు. నేను ఇచ్చాను.

దసరా సెలవుల తర్వాత చూస్తే బాబు నారిని పెదవి చివరిదాకా తేవడం లేదు. ఇంకా రెండు అంగుళాలు ఉందనగానే బాణం వెళ్లిపోతోంది. "ఎందుకు నాన్నా, తొందరగా వదిలేస్తున్నావు?" అని అడిగాను. "నేను వదలట్లేదు సార్, చెయ్యే వదిలేస్తోంది. చెయ్యి మాట వినడం లేదు" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి.

విలుకాళ్లలో ఇది కొత్త జబ్బు కాదు. టార్గెట్ ప్యానిక్ అంటారు. గురి కంటికి కనబడగానే, తగలాలనే ఆత్రం కొద్దీ, లాగడం పూర్తి కాకముందే వేళ్లు విడిపోతాయి. పెద్ద ఆటగాళ్లకూ వస్తుంది. ఒకసారి అలవాటుగా పాతుకుంటే వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. ఈ బాబు విషయంలో నాలుగు నెలలు పట్టింది.

చెక్క విల్లే ఎందుకు?

"ఇప్పుడంతా కాంపౌండ్ కదా సార్, చెక్క విల్లుతో మొదలుపెట్టడం ఎందుకు?" అని అడ్మిషన్ల సమయంలో చాలామంది అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

కాంపౌండ్ విల్లులో రెండు కొసల దగ్గర చక్రాలు ఉంటాయి. పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువును అవి 60 నుంచి 80 శాతం దాకా తగ్గిస్తాయి. గురి చూసుకోవడానికి సైట్ ఉంటుంది, వదలడానికి చేతిలో ట్రిగ్గర్ లాంటి పరికరం ఉంటుంది. చెక్క విల్లులో ఇవేవీ లేవు. ఎంత లాగితే అంత బరువు. అన్నిటికంటే ఎక్కువ బరువు పడేది సరిగ్గా గురి చూసే క్షణంలోనే. అంగుళం తక్కువ లాగితే బాణం నెమ్మదిగా వెళ్లి కింద పడుతుంది. వేళ్లు పక్కకి జారితే బాణం కూడా పక్కకే పోతుంది. పిల్లవాడి ఒంట్లో జరిగే ప్రతి తప్పునూ చెక్క విల్లు అప్పటికప్పుడే బయటపెడుతుంది. నేర్పేవాడికి అది గొప్ప సాయం.

ఇది పాతకాలపు ముచ్చట మాత్రమే అనుకోవద్దు. మన దేశంలో జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగమే ఉంది. అందులో వెదురు, చెక్క విల్లులతోనే ఆడతారు. మూడు ఒలింపిక్స్ ఆడిన రాజస్థాన్ ఆటగాడు లింబారామ్ చిన్నప్పుడు పట్టింది వెదురు విల్లే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రెండు బంగారు పతకాలు తెచ్చిన ఝార్ఖండ్ అమ్మాయి దీపికా కుమారి కూడా ఇంట్లో చేసుకున్న వెదురు విల్లుతోనే మొదలుపెట్టింది. మన మన్యంలో ఈనాటికీ విల్లు తెలిసిన కుటుంబాలు ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు బొమ్మ ఏ ఊళ్లో గీసినా చేతిలో విల్లు లేకుండా గీయరు.

కాంపౌండ్‌ను నేను తక్కువ చేయడం లేదు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు గెలిచింది కాంపౌండ్‌తోనే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ కూడా మొదటిసారి వస్తోంది. ఆ దారిలో వెళ్లాలనుకునే పిల్లలకు తర్వాత తప్పకుండా సాయం చేస్తాం. నేను మాట్లాడుతున్నది మొదటి ఏడాది గురించి మాత్రమే.

ఒక్క బాణం వెనక ఎంత పని

కంచె అవతల నుంచి మీకు కనిపించేది బాణం ఎక్కడ తగిలిందన్నది. ఇవతల నేను చూసేది దానికి ముందు జరిగే పని. అదేమిటో తెలిస్తే మీరు కూడా వేరే కళ్లతో చూస్తారని నా నమ్మకం.

నిలబడటం: కుడిచేతి వాటం పిల్లవాడైతే ఎడమ భుజం టార్గెట్ వైపు తిప్పి నిలబడతాడు. పాదాల మధ్య భుజాల వెడల్పంత దూరం ఉండాలి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా పడాలి. విల్లు బరువుకి నడుము వెనక్కి విరుచుకోవడం కొత్తవాళ్లందరూ చేసే పొరపాటు. పొట్ట కొంచెం లోపలికి బిగిస్తే సర్దుకుంటుంది.

పట్టు: విల్లును పిడికిలితో గట్టిగా బిగించకూడదు. బొటనవేలి మొదట్లో ఉన్న కండ మీద విల్లు ఆనాలి. మిగతా వేళ్లు విల్లు కింద పడకుండా ఊరికే కాపలా ఉంటాయి. బిగించి పట్టుకుంటే బాణం వదిలే క్షణంలో మణికట్టు మెలిక తిరిగి, బాణం దారి మారుతుంది. విల్లు పట్టిన చేతి మోచెయ్యిని కాస్త బయటికి తిప్పి ఉంచాలి. లేకపోతే నారి వచ్చి ముంజేతిని చురుక్కుమనిపిస్తుంది. అందుకే ఆర్మ్ గార్డ్ లేకుండా ఎవరినీ లైన్ మీదికి రానివ్వను.

నారి మీద వేళ్లు: బాణానికి పైన చూపుడువేలు, కింద మధ్యవేలు, ఉంగరపువేలు. వేళ్ల మొదటి కణుపు దగ్గర నారి కూర్చోవాలి. బాణాన్ని వేళ్ల మధ్య నొక్కకూడదు. నొక్కితే బాణం విల్లు మీద నుంచి పక్కకి జారుతుంది.

లాగడం: ఇక్కడే అసలు చదువంతా ఉంది. పిల్లలు చేతి కండతో లాగుతారు. నేర్చుకోవాల్సింది వీపుతో లాగడం. రెండు రెక్క ఎముకలూ ఒకదానికొకటి దగ్గరవుతున్నట్టు లాగాలి. అప్పుడు లాగే చేతి మోచెయ్యి బాణం వెనకాలే అదే గీత మీదికి వస్తుంది. విల్లు పట్టిన భుజం చెవి వైపు లేవకుండా కిందకే ఉండాలి. భుజం పైకి లేస్తోందంటే విల్లు ఆ పిల్లవాడి బలానికి మించిందని అర్థం.

యాంకర్: లాగిన చెయ్యి ప్రతిసారీ వచ్చి ఆనే చోటు ఇది. మా పిల్లలకు చూపుడువేలి కొస పెదవి చివర తగలాలని చెబుతాం. మన పురాణాల్లో వీరులు నారిని ఆకర్ణాంతం లాగేవారని విన్నాం కదా, చెవిదాకా అని. ఆ మాటలో ఉన్నది యాంకరే. చెవి అయినా పెదవి అయినా ఫరవాలేదు. ప్రతి బాణానికీ అదే చోటు కావాలి. చెక్క విల్లుకు సైట్ లేదు కాబట్టి, మనం ఎంత దూరం లాగామో చెప్పే కొలబద్ద ఆ చోటు ఒక్కటే.

గురి: రెండు కళ్లూ తెరిచి టార్గెట్ మీద ఒక చిన్న చుక్కను చూడాలి. బాణం మొన కంటి కొసకి మసకగా కనిపిస్తుంది. పది మీటర్ల దూరంలో ఆ మొన చుక్కకి చాలా కింద ఉండాలి. దూరం పెరిగేకొద్దీ పైకి రావాలి. ఇది లెక్కల్లా రాదు. వందల బాణాలు ఒకే తీరున వేశాక కంటికి, చేతికి మధ్య దానంతటదే కుదురుతుంది. యాంకర్ రోజుకో చోట ఉంటే ఆ కుదురు ఎప్పటికీ రాదు.

వదలడం: వేళ్లను విప్పకూడదు, వదులు చేయాలి. నారి తనే జారిపోతుంది. చెయ్యి చెంపను రాసుకుంటూ చెవి కిందకి వెనక్కి వెళ్లాలి. చెయ్యి బయటికి విసిరినట్టు వస్తే వీణ తీగ మీటినట్టు నారిని పక్కకి లాగారని తెలుస్తుంది.

వదిలాక: బాణం తగిలిన చప్పుడు వినేదాకా విల్లు పట్టిన చెయ్యి దించకూడదు. ఎక్కడ తగిలిందో చూడాలనే ఆత్రంలో పిల్లలు విల్లు ముందే దించేస్తారు. ఆ ఆత్రం బాణం విల్లు దాటకముందే చేతిని కదిలిస్తుంది.

ఈ ఎనిమిది పనులూ ఐదారు సెకన్లలో జరగాలి. చెక్క విల్లును పూర్తిగా లాగి ఎక్కువసేపు నిలపకూడదు, కర్ర అలసిపోతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు ఇన్నిటి మీద ధ్యాస పెట్టలేడు కాబట్టి వారానికి ఒక్కటే చెబుతాను. ఈలోగా వెనక నుంచి ఎవరైనా పాయింట్లు లెక్కపెడితే, వాడి ధ్యాస ఈ ఎనిమిదింటిలో దేనిమీదా ఉండదు. తొమ్మిదోదాని మీదకి పోతుంది.

పాతవాళ్లు ఏం చెప్పారు?

పక్షి కన్ను కథ మనందరికీ తెలుసు. ఏకాగ్రత గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ కథే చెబుతాం. కానీ అందులో ఒక సంగతి మనం గమనించం. చెట్టూ కొమ్మా అన్నదమ్ములూ కనిపిస్తున్నారని చెప్పినవాళ్లను ద్రోణుడు బాణం వేయనివ్వనే లేదు. పక్కకి జరగమన్నాడు. వాళ్ల బాణం తగులుతుందా లేదా అన్నది ఆయన చూడలేదు. వదలకముందు శిష్యుడి లోపల ఏం జరుగుతోందో దాన్నే పరీక్షించాడు.

అగ్నిపురాణంలోని ధనుర్వేద అధ్యాయాల్లో నిలబడే తీరులకే విడివిడిగా పేర్లున్నాయి: సమపదం, వైశాఖం, మండలం, ఆలీఢం, ప్రత్యాలీఢం. ఇంగ్లండులో 1545లో రోజర్ ఆస్కమ్ అనే ఉపాధ్యాయుడు విలువిద్య మీద పుస్తకం రాశాడు. నిలబడటం, బాణం కూర్చడం, లాగడం, నిలపడం, వదలడం అని ఐదు మెట్లు చెప్పాడు. జపాన్ వాళ్ల క్యూడోలో ఎనిమిది మెట్లు. వాటిలో చివరిది బాణం వెళ్లిపోయాక కూడా కదలకుండా నిలబడటం. అక్కడ కొత్తవాళ్లను 28 మీటర్ల టార్గెట్ ముందు వెంటనే నిలబెట్టరు. రెండు మీటర్ల దూరంలో గడ్డిమోపు పెట్టి దానిలోకి వేయిస్తారు. అంత దగ్గర నుంచి ఎవరికైనా తగులుతుంది. కాబట్టి తగిలిందా లేదా అనే ఆలోచనే రాదు, ఒళ్లు ఎలా పనిచేస్తోందో తెలుస్తుంది.

మా బాబుకి చేసిన వైద్యం కూడా ఇదే. రంగుల కాగితం తీసేసి, ఉత్త గడ్డి టార్గెట్ ముందు మూడు మీటర్ల దూరంలో నిలబెట్టాను. మొదటి పదిహేను రోజులు లాగి, యాంకర్‌కి తెచ్చి, వదలకుండా మెల్లగా దించడమే పని. "వదలాలా వద్దా అన్నది నువ్వు నిర్ణయించు, చెయ్యి కాదు" అని చెప్పాను. తర్వాత కళ్లు మూసుకుని వేయడం. నవంబరులో మొదలుపెడితే ఫిబ్రవరి చివరికి పది మీటర్ల దగ్గరికి వచ్చాడు.

విల్లు బరువు విషయంలో నా తప్పు

గట్టి విల్లు ఇచ్చానని చెప్పాను కదా. దాని గురించి విడిగా చెప్పాలి. ఎందుకంటే ఈ కోరిక నాకు నెలకి ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల నుంచి వస్తుంది.

బరువైన విల్లుతో బాణం నిటారుగా వేగంగా వెళుతుంది, పాయింట్లు వెంటనే కొంచెం పెరుగుతాయి. కానీ పిల్లవాడు దాన్ని లాగడానికి భుజం ఎత్తుతాడు, నడుము వంచుతాడు, యాంకర్‌కి రాకముందే వదిలేస్తాడు. ఎదిగే వయసులో ఎముకల కొసల దగ్గర ఇంకా గట్టిపడని భాగాలు ఉంటాయి. అక్కడ మితిమీరిన బరువు మళ్లీమళ్లీ పడటం మంచిది కాదు.

ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ 1545లో మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో వందకు పైగా యూ కర్ర విల్లులు చెక్కుచెదరకుండా దొరికాయి. చాలా వాటి బరువు వంద పౌండ్ల పైమాటేనని అంచనా. దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటికి భుజం కొసన ఉండే చిన్న ఎముక, పెద్దయ్యాక అతుక్కోవలసింది, అతుక్కోకుండానే ఉంది. చిన్నతనం నుంచి బరువైన విల్లులు లాగడం వల్ల అలా జరిగి ఉండవచ్చని వాటిని పరిశీలించినవాళ్లు భావించారు. వాళ్లు సైనికులు, యుద్ధం కోసం లాగారు. మన పిల్లలకు ఆ అవసరం ఏముంది?

అదే కాలంలో ఇంగ్లండులోనే ఇంకొక తండ్రి ఉన్నాడు. రైతు. ఆయన కొడుకు హ్యూ లాటిమర్ పెద్దయ్యాక మతబోధకుడై, 1549లో రాజు ముందు మాట్లాడుతూ తన బాల్యం గుర్తు చేసుకున్నాడు. ఎలా లాగాలో, చేతుల బలంతో కాకుండా ఒంటి బలంతో ఎలా లాగాలో నాన్న నేర్పాడని, తన వయసుకీ బలానికీ తగ్గ విల్లులే కొనిపెట్టాడని, తను ఎదిగేకొద్దీ విల్లులు కూడా పెద్దవయ్యాయని చెప్పాడు. దాదాపు 500 ఏళ్ల నాటి ఆ రైతుకు తెలిసిన విషయం, కోచింగ్ సర్టిఫికెట్ ఉన్న నేను ఒక పోటీ ముందు మర్చిపోయాను.

ఇప్పుడు మా లెక్క ఇది. పదేళ్ల పిల్లలకు 10 నుంచి 15 పౌండ్ల మధ్య మొదలు. పెంచాలంటే పాయింట్లు చూడం. యాంకర్ దగ్గర భుజం లేవకుండా, చెయ్యి వణకకుండా నాలుగైదు సెకన్లు నిలపగలగాలి. అలా ఒక్కసారి కాదు, గంట ప్రాక్టీసు చివర్లో కూడా చేయగలిగితే అప్పుడు పెంచుతాం.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు

"ఫీజు కడుతున్నాం, పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో తెలుసుకోవద్దా?" తెలుసుకోవాలి. అది మీ హక్కు. కాకపోతే మొదటి ఏడాది స్కోరు ఆ సంగతి చెప్పదు. తప్పుడు అలవాటుతో కూడా పది మీటర్ల దగ్గర మంచి స్కోరు వస్తుంది. ముప్పై మీటర్లకు వెళ్లేసరికి అదే అలవాటు అడ్డం తిరుగుతుంది. అప్పటికి మాన్పించడం కష్టం.

"టెన్త్‌లోపే ఏదైనా మెడల్ రావాలి, స్పోర్ట్స్ కోటా ఉంది కదా." ఈ ఆశను నేను తప్పుపట్టను. టైము తక్కువ, తొమ్మిదో తరగతి నుంచి చదువు ఒత్తిడి మొదలవుతుంది. అయితే మొదటి ఏడాది పునాది వేసుకున్న పిల్లలకు రెండో ఏడాది కలిసొస్తుంది. పునాది లేకుండా పరిగెత్తినవాళ్లకు రెండో ఏడాదంతా పాత అలవాట్లు మాన్పించడానికే పోతుంది. మా బాబుకి పోయిన నాలుగు నెలలే దానికి లెక్క.

"స్కోరు లేకపోతే పిల్లలకు విసుగు పుడుతుంది." ఇది నిజం. ఉత్త గడ్డి ముందు నిలబెడితే పిల్లలు మూడో వారానికే ఆవులిస్తారు. అందుకే నెలకోసారి బెలూన్ల రోజు పెడుతున్నాం. పగిలితే చప్పట్లు, పగలకపోతే నవ్వులు. ఎవరి పేరు పక్కనా అంకె రాయం.

"కాంపౌండ్ ఇప్పుడే కొనేస్తే?" పూర్తి సెట్టు లక్ష రూపాయలు దాటవచ్చు. పిల్లవాడు ఏడాదిలో అంగుళాలు అంగుళాలు పెరుగుతాడు, చేతుల పొడవు మారుతుంది. కొంచెం ఆగండి. ఏడాది పాటు స్కూలు విల్లు చాలు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

ఏ కన్ను బలమైనదో చూడండి. పిల్లవాణ్ణి రెండు చేతులూ ముందుకి చాపి, అరచేతుల మధ్య చిన్న సందు వదిలి, అందులోంచి గోడగడియారాన్ని చూడమనండి. తర్వాత ఒక్కో కన్ను మూయమనండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే కనిపిస్తుందో అదే గురికి పనికొచ్చే కన్ను. కుడిచేతి వాటం పిల్లలకు కూడా ఒక్కోసారి ఎడమ కన్ను బలంగా ఉంటుంది. నాకు చెప్పండి, విల్లు ఏ చేత్తో పట్టించాలో కలిసి ఆలోచిద్దాం.

విల్లు ఇంటికి తెస్తే బాణం లేకుండా నారి లాగి వదలనివ్వకండి. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా తిరిగి కర్రలోకే కొట్టి విల్లు పగిలిపోవచ్చు, ముక్కలు మొహానికి తగలవచ్చు. చుట్టాల పిల్లలు వచ్చినప్పుడు మొదట చేసేది ఇదే.

పని అయిపోయాక నారి దించమనండి. రాత్రంతా నారి ఎక్కించి ఉంచితే చెక్క విల్లు ఆ వంపుకే అలవాటుపడి బలం పోగొట్టుకుంటుంది. ఎండలో ఆపిన కారు డిక్కీలో మాత్రం అస్సలు పెట్టకండి.

అపార్ట్‌మెంటు టెర్రస్ మీద, ఇంటి సందులో బాణం వేయనివ్వకండి. ఎంత తేలిక విల్లయినా ఇది బొమ్మ కాదు. ఇంట్లో సాధన చేయాలంటే వ్యాయామానికి వాడే రబ్బరు బ్యాండు చాలు. అద్దం ముందు నిలబడి, భుజం లేవకుండా మెల్లగా లాగి, పెదవి దాకా తెచ్చి, మెల్లగా దించాలి. రోజుకి పది నిమిషాలు సరిపోతుంది.

చివరిది, అన్నిటికంటే కష్టమైనది. శనివారం కంచె దగ్గర ప్రశ్న మార్చండి. "ఈ వారం సార్ ఏం చూసుకోమన్నారు?" అని అడగండి. పిల్లవాడు "యాంకర్" అంటే, ఎక్కడ ఆనుతుందో చూపించమనండి. చూపించే ఆ పది సెకన్లు కూడా సాధనే.

మీ నుంచి నాకు కావాల్సింది

ఆర్చరీలో చేరిన మొదటి ఏడాది పిల్లలను బ్రాంచిల మధ్య పోటీల్లో స్కోరు రౌండ్‌కి పంపవద్దని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. దానికి బదులు, దగ్గర దూరం నుంచి పన్నెండు బాణాలు వేయిస్తాం. ఇద్దరు కోచ్‌లు నిలబడటం, పట్టు, లాగడం, యాంకర్, వదలడం చూసి ఒక కార్డు రాసిస్తారు. ప్రతి మూడు నెలలకూ ఆ కార్డు మీకు అందుతుంది. "తల్లిదండ్రులు ఒప్పుకుంటే చేద్దాం" అన్నారు ఆయన. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ఈ విషయం చర్చకు వస్తుంది. మీకు అభ్యంతరం ఉన్నా వచ్చి చెప్పండి, వింటాను.

ఆ బాబు ఇప్పుడు ఎనిమిదో తరగతి. పాత తేలిక విల్లుతోనే ఇరవై మీటర్ల నుంచి వేస్తున్నాడు. పోయినేడు ఇదే నెలలో వచ్చినన్ని పాయింట్లు బహుశా వాడికి ఇప్పుడు రాకపోవచ్చు. మేము లెక్కపెట్టడం లేదు. చెయ్యి మాత్రం మళ్లీ వాడి మాట వింటోంది. నాన్నగారు ఇప్పుడూ వస్తారు, అదే చోట నిలబడతారు. పోయిన శనివారం నా దగ్గరికి వచ్చి, "సార్, ఇవాళ మోచెయ్యి కొంచెం కిందకి జారుతున్నట్టుంది, గమనించారా?" అని అడిగారు.

చూశాను. నిజంగానే జారుతోంది. ఈ వారం దాని మీదే పని చేస్తున్నాం.